రెండో పంక్తి కాలేయాలు

రోజు 1,406

ఈ రోజు రెండు వందల పన్నెండు కాలేయాలకు నీళ్లు మార్చాను. ఒక్కటైనా నా క్షేమం అడగలేదు.

ఒక్కొక్కటి నానిన శనగగింజంత ఉంటుంది. ఒక్కో గాజు గిన్నెలో ఒకటి, గిన్నె మీద సొంతదారు పేరు. కొత్తగా ఎవరు ఊళ్లో దిగినా మొదటి వారంలోనే వాళ్ల కాలేయం నుంచి రవ్వంత తీసి ఇక్కడ పెంచుతాం. మాది చంద్రుడి మీద, నేల కింద, సొరంగంలో ఉన్న ఊరు. ఎంత దులిపినా బయటి దుమ్ము లోపలికి వస్తుంది. అది ఊపిరితిత్తుల్లో పేరుకోకుండా ప్రతివాడూ పొద్దున్నే ధూళిమాత్ర మింగాలి. ఆ మాత్ర దుమ్మును కరిగిస్తుంది, దాంతోపాటు కాలేయాన్నీ నెమ్మదిగా కొరుక్కు తింటుంది. అందుకని మోతాదు పెంచే ముందు దాన్ని సొంతదారు గింజ మీద చూస్తాం. గింజ కామెర్లొచ్చినట్టు పసుప్పచ్చబడితే పెంచం. ఎర్రగా ఉంటే పెంచుతాం.

ఈ గింజల కాపలాదారుణ్ని నేను. పేరు కూర్మారావు. మాత్రలు పంచడం, ఈ దినచర్య పుస్తకం రాయడం కూడా నా పనే. ఇందులో రాసింది కొట్టివేయకూడదని, చూసింది దాచకూడదని డాక్టర్ హైమవతి గారి ఆజ్ఞ. అందుకని రాస్తున్నాను: నాలుగో వరసలో నా గింజ అన్నిటికన్నా అందంగా ఉంది.

మాత్రలు పంచే వేళ తప్ప గది వదిలి కదలకూడదు కాబట్టి పొద్దున టీ, ఉప్మా సన్యాసమ్మ అప్ప తెచ్చి ఇస్తుంది. అప్ప అంటే మా శ్రీకాకుళం వైపు అక్క. ఈవిడ బొబ్బిలి దగ్గరి మనిషి, వంటశాలకు పెద్ద. అరవై దాటాయి. వచ్చి పన్నెండేళ్లయింది. రోజూ గుమ్మంలో నిలబడి ఒకే మాట అడుగుతుంది.

"ఏటి బావూ, అన్నీ బతికే ఉన్నాయా?"

ఉన్నాయని చెబితే తప్ప టీ చేతికివ్వదు. మాత్రలు పంచి నేనింకా రాకపోతే బల్ల మీద పెట్టి పోతుంది.

రోజు 1,411

కింది నుంచి, అంటే భూమి నుంచి, కొత్త రకం ధూళిమాత్రలు వచ్చాయి. పాతవాటికన్నా గట్టివి. ముందు తవ్వకం వాళ్ల గింజల మీద చూడమన్నారు డాక్టర్ గారు, దుమ్ములో పనిచేసేది వాళ్లే గనక. మొత్తం ఇరవై ఇద్దరు. భోజనశాలలో రెండో పంక్తిలో కూర్చునేది వీళ్లే, ఇక్కడ వీళ్ల గింజలు ఉండేదీ రెండో వరసలోనే.

నాలుగు రోజులుగా కొత్త మాత్ర కరిగించి వేస్తున్నాను. ఈ రోజు చూస్తే పదకొండు గింజలు పండిన నిమ్మకాయ రంగులోకి వచ్చాయి. మిగతా పదకొండు ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఒకే మాత్ర, ఒకే మోతాదు, ఒకే చెయ్యి. ఆ చెయ్యి నాదే కాబట్టి ముందు నన్ను నేనే అనుమానించాను. రెండుసార్లు కొలిచి చూశాను. నా తప్పు కనబడలేదు. నాకు చాలా సంతోషమైంది, అంతలోనే భయమూ వేసింది. నా తప్పు కాకపోతే ఇంకెవరిదో అయి ఉండాలి.

రోజు 1,415

బాగున్న పదకొండు గిన్నెల అంచుల్లోనూ సన్నటి ఆకుపచ్చ గీత ఉంది. పచ్చబడిన గిన్నెల్లో లేదు. గదిలోకి నేను కాక వచ్చేది డాక్టర్ గారు, టీ.

ఈ పొద్దున టీ వేళకు మందుల బల్ల కింద దూరి కూర్చున్నాను. నలభై ఆరేళ్ల వాడు చేయదగ్గ పని కాదని నా మోకాళ్లు చెప్పాయి. సన్యాసమ్మ అప్ప వచ్చింది. నేను లేనని చూసుకుంది. టీ బల్ల మీద పెట్టి, కొంగు ముడిలోంచి వంటశాలలో మిఠాయిల్లో సుగంధం చుక్కలు వేసే గాజు గొట్టం తీసి, రెండో వరస దగ్గరికి నడిచింది. గిన్నె విడిచి గిన్నెలో ఒక్కో చుక్క వేస్తూ, ప్రతిదానికీ పేరు పెట్టి పలకరించింది. "దాలినాయుడూ, ఇది నీకు. సేదుగుంటాది, మింగీయాల."

శనగగింజంత కాలేయాన్ని చంటిపిల్లను బుజ్జగించినట్టు బుజ్జగిస్తోంది. నవ్వు ఆపుకోబోతే నా మోకాలు టక్కుమంది.

ఆవిడ ఉలిక్కిపడలేదు. వంగి బల్ల కిందికి చూసి, టీ చల్లారిపోతోందని చెప్పింది.

రోజు 1,416

నిన్నంతా కూర్చోబెట్టి అడిగాను. అడిగినవన్నీ దాచకుండా చెప్పింది. దాచాల్సిన పని చేశానని ఆవిడ అనుకోవడమే లేదు.

మూడేళ్ల కిందట భూమి నుంచి కరివేపాకు మొక్కలు మట్టితో సహా వచ్చాయి. ఆ మట్టిలో ఓ కలుపు మొక్క మొలిచింది. చింతాకులాంటి చిన్న ఆకులు, ఆకుల వెనక ఆవగింజకన్నా కాస్త పెద్ద కాయలు. నేల ఉసిరి. ఊళ్లో కలుపు కనబడితే పీకి కాల్చెయ్యాలన్నది నియమం. ఆవిడ పీకకుండా కరివేపాకు నీడలో పెంచింది. తన చిన్నప్పుడు కామెర్లు వస్తే తల్లి ఆ ఆకు నూరి మజ్జిగలో ఇచ్చేదట. ధూళిమాత్ర వల్ల కాలేయం పాడవుతుందని తెలిసిన రోజే ఆవిడకు ఆ ఆకు గుర్తొచ్చింది. కొత్త మాత్ర రాగానే కషాయం కాచింది.

ఆ కషాయం మనుషులకే చారులో కలిపి పోయొచ్చు కదా, గింజలకెందుకు అని అడిగాను. నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది.

"మంచిదో సెడ్డదో తెలవకండా మనుషులకి పోసీమంటావేటి? ముందు ఈటి మీద సూసుకోవాల. మీరు సేసేదదే కదా."

గిన్నె విడిచి గిన్నె ఎందుకని అడిగాను. ఉన్నవి తొమ్మిది మొక్కలు, అందరికీ ఆకు చాలదు, విస్తరి విడిచి విస్తరి వడ్డిస్తే ఎవరికి గుణం ఇచ్చిందో ఎవరికి ఇవ్వలేదో తెలుస్తుంది కదా అంది. మా డాక్టర్ గారు ఆరేళ్లు చదువుకుని నేర్చుకున్నదీ ఇదే.

తన గింజకు మాత్రం ఒక్క చుక్క కూడా వేసుకోలేదు. ఆ గింజను నేను రోజూ చూస్తున్నాను, ఏడాదిగా పచ్చగానే ఉంది. ఆవిడ రక్తపరీక్షలో కాలేయం లెక్క ఇప్పటికే రెండుసార్లు ప్రమాదపు గీత దాటింది. మూడోసారి దాటితే నియమం ప్రకారం భూమికి పంపించేస్తారు. పన్నెండేళ్లు ఇక్కడి తేలిక బరువుకు అలవాటుపడిన ఎముకలు అక్కడ లేచి నిలబడలేవు. మంచం మీదే ఉండాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు గనక ఇద్దరం దాని గురించి మాట్లాడలేదు.

గింజల జోలికి వచ్చినవాళ్లను కూడా భూమికే పంపుతారు. ఈ పుటను డాక్టర్ గారు నెలాఖరుకు గాని చూడరు. నెలాఖరు ఇంకా దూరం.

రోజు 1,419

ఉపద్రవం. డాక్టర్ హైమవతి గారు ఈ రోజు గింజల గదికి వచ్చారు. తెనాలి మనిషి, సన్నగా, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తారు. గదిలో అడుగుపెడితే కాలేయాలు కూడా సర్దుకుని కూర్చుంటాయని నాకు అనుమానం. రెండో వరస చూసి చాలాసేపు ఆగారు. పచ్చబడిన పదకొండు మందికీ మోతాదు పెంచవద్దన్నారు. ఎర్రగా ఉన్న పదకొండు మంది కొత్త మాత్ర భేషుగ్గా తట్టుకుంటున్నారు కాబట్టి, రేపటి నుంచి పాత మాత్రతోపాటు కొత్తదీ ఒకటి, రోజుకు రెండు ఇవ్వమన్నారు.

తట్టుకుంటున్నవి గింజలు. కషాయం తాగింది గింజలు. మనుషుల కడుపులోకి ఒక్క చుక్క పోలేదు.

నోరు తెరిచాను. అప్పుడే గుమ్మంలో టీ గ్లాసుతో సన్యాసమ్మ అప్ప కనిపించింది. నోరు మూసుకున్నాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ కొట్టివేయకూడదు.

రోజు 1,420

పదకొండు మందికీ రెండేసి మాత్రలు ఇచ్చాను. మొదటిది ఎప్పటి పాత ధూళిమాత్ర. రెండోది నేను పంచదార పొడి, గంజిపొడి కలిపి, మాత్రలు అదిమే యంత్రంలో పెట్టి తయారుచేసింది. చూడటానికి అచ్చం కొత్త మాత్రలాగే ఉంది. ఈ పనిలో నాకింత నేర్పు ఉందని ఇన్నాళ్లూ తెలియదు.

అప్పకు చెప్పాను. తను చేసిన మేలుకు వాళ్లకు కీడు జరగబోయిందా అని రెండుసార్లు అడిగింది. లేదన్నాను. ఇక గింజల్లో చుక్కలు వెయ్యనంది. వెయ్యకపోతే అవి పచ్చబడతాయి, పచ్చబడితే డాక్టర్ గారు ఎందుకని అడుగుతారు. వేస్తే ఎర్రగా ఉంటాయి, మోతాదు మూడుకు పెరుగుతుంది. ఇద్దరం టీ తాగుతూ చాలాసేపు ఆలోచించాం. ఏమీ తోచలేదు. ఉప్మా మాత్రం అయిపోయింది.

రోజు 1,426

తవ్వకం ముఠాకు మేస్త్రి దాలినాయుడు. ఊళ్లో అందరికన్నా పొడగరి, అందరికన్నా పెద్ద గొంతు. రోజుకు రెండు మాత్రలు తన ఒంటికి దక్కిన బిరుదనుకుని వారం రోజులుగా సొరంగమంతా చాటుతున్నాడు. మోతాదు పెరిగితే బయట పనివేళలూ పెరుగుతాయి, అదీ అతని ఆనందం.

ఈ రోజు డాక్టర్ గారు కనబడితే నమస్కారం పెట్టి, రెండో మాత్ర మొదటిదానికన్నా చాలా బాగుందని, నోట్లో పెట్టుకుంటే తియ్యగా కరిగిపోతోందని, తన కూతురికి కూడా ఒకటి ఇప్పించమని అడిగాడట.

పంచదార తగ్గించి ఉండాల్సింది.

రోజు 1,427

డాక్టర్ గారు పిలిచారు. ఈ పుస్తకం పట్టుకెళ్లి బల్ల మీద పెట్టాను. మొదటి నుంచీ చదివారు. నేను నిలబడే ఉన్నాను. నా గింజ అందంగా ఉందన్న చోట కూడా ముఖం కదలలేదు.

సగం చదివేసరికి సన్యాసమ్మ అప్ప పిలవకుండానే వచ్చింది. గాజు గొట్టం, కషాయం సీసా, వేళ్లతో సహా పీకిన ఒక మొక్క బల్ల మీద పెట్టింది. తప్పంతా తనదేనని, కూర్మారావుకు ఈ ఊళ్లో బల్లల కింద దూరడం తప్ప ఇంకేమీ తెలియదని చెప్పింది. నన్ను కాపాడటానికే అన్న మాట అని నా ఊహ.

డాక్టర్ గారు పుస్తకం మూశారు.

"నాకు చాలా కోపంగా ఉంది. మీ ఇద్దరి వల్ల పదకొండు మంది కాలేయాలు నాశనమయ్యేవి. ముందు నేనడిగేవాటికి జవాబులు చెప్పండి, తర్వాత తిడతాను."

అడగడం మొదలుపెట్టారు. ఎన్ని ఆకులకు ఎన్ని నీళ్లు, ఎంతసేపు కాచావు, ఏ వేళకు వేశావు, విస్తరి విడిచి విస్తరి అన్నది ఎవరు చెప్పారు. అప్ప ఒక్కోదానికీ లెక్కగా చెప్పింది. ఇద్దరూ మొక్క మీద వంగి ఆకు వెనక కాయలు చూస్తూ రెండు గంటలు మాట్లాడుకున్నారు. నేనున్నానని మరిచిపోయారు. చివరికి గుర్తొచ్చి తిట్టారు. తిట్టడం కూడా రెండు గంటలు పట్టినట్టే అనిపించింది. పదకొండు మందికీ పాత మోతాదే ఉంచమన్నారు. కిందికి తానే రాస్తానన్నారు, ఏం రాస్తారో చెప్పలేదు.

రోజు 1,433

ఈ రోజు పరీక్షలో ఓడిపోయాం.

డాక్టర్ గారికి మొదటి రోజే ఒక సందేహం వచ్చిందట. ధూళిమాత్ర కడుపులోకి వెళ్లినంత మాత్రాన పనిచెయ్యదు. కాలేయంలోకి వెళ్లి అక్కడ మారితేనే దుమ్మును కరిగించే గుణం వస్తుంది. కాలేయాన్ని కొరికేదీ అప్పుడే. మరి ఈ కషాయం కాలేయాన్ని కాపాడుతోందా, లేక మాత్రనే పనిచెయ్యనివ్వట్లేదా? రెండోదయితే కాలేయం దక్కుతుంది, ఊపిరితిత్తులు పోతాయి.

దుమ్ము పట్టిన ఊపిరితిత్తి ముక్కను ఓ గిన్నెలో పెట్టి, దాన్ని గింజ ఉన్న గిన్నెకు సన్నటి గొట్టంతో కలిపాం. మాత్ర ఒక్కటే వేసినచోట రెండు రోజుల్లో దుమ్ము కరిగింది. మాత్ర, కషాయం ఒకేసారి వేసినచోట గింజ ఎర్రగా ఉంది, దుమ్ము ఎక్కడిదక్కడే ఉంది.

అప్ప ఆ గిన్నెను చాలాసేపు చూసింది. నిగనిగలాడే గింజను చూసి ఇన్నాళ్లూ మురిసిపోయానని, అది పని మానేసి కూర్చున్న గింజని తనకు తెలియలేదని నెమ్మదిగా అంది. డాక్టర్ గారు ఓదార్చలేదు. ఆవిడకు అది రాదు. కుర్చీ మాత్రం జరిపి ఇచ్చారు.

అప్ప కూర్చున్నాక, తల్లి ఆ మజ్జిగ ఎప్పుడిచ్చేదని డాక్టర్ గారు అడిగారు. పొద్దు వాలాక, ఆటలన్నీ అయ్యాక అని చెప్పింది. ఆ మాట చెబుతూనే ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు ఓ నిమిషం ఆలస్యంగా అర్థమైంది. మాత్ర పొద్దున వేసి, దాని పని అయిపోయాక, కషాయం సాయంత్రం వెయ్యాలి.

రోజు 1,441

పొద్దున మాత్ర, సాయంత్రం కషాయం. పన్నెండు గింజలకు వారం రోజులు అలాగే వేశాం. దుమ్ము కరిగింది. గింజలు మునుపటంత ఎర్రగా లేవు, కానీ నిమ్మపండు రంగూ రాలేదు. పండీ పండని టమాటాలా ఉన్నాయి. పన్నెండింటిలో ఎనిమిది అలా నిలబడ్డాయి. నాలుగు మాత్రం పచ్చబడ్డాయి. ఎనిమిదిని చూసి అప్ప సంతోషించింది, నాలుగును చూసి డాక్టర్ గారు నాలుగు కాగితాలు రాశారు.

కింది నుంచి జవాబు వచ్చింది. మనుషుల మీద ప్రయోగానికి అనుమతి ఇచ్చారు. శిక్షలు కూడా వచ్చాయి. సన్యాసమ్మ ఏడాదిపాటు గింజల గదిలో అడుగుపెట్టకూడదు. నేను రెండు నెలలు ముఖద్వారం దగ్గర దుమ్ము ఊడ్చాలి. అప్పను భూమికి పంపమని లేదు. డాక్టర్ గారు ఏం రాశారని అడిగితే, చేసినవన్నీ చేసినట్టే రాశానని, ఆ మొక్కను పెంచడం తెలిసినవాళ్లు ఊళ్లో ఇంకెవరూ లేరని చివర ఒక వాక్యం చేర్చానని చెప్పారు.

అప్ప నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది. గుమ్మం అవతల పీట వేసుకుని కూర్చుని, అక్కడి నుంచే ఏ గిన్నె ఎలా ఉందో నన్ను అడిగి చెప్పించుకుంటోంది.

రోజు 1,452

ప్రయోగం మొదలైంది. డాక్టర్ గారు మొక్కను చూసిన రోజే అప్ప మిగతావాటి కాయలు చల్లింది, ఇప్పుడు ఇరవై మందికి ఆకు చాలుతుంది. నలభై మంది పేర్లిచ్చారు. దాలినాయుడు అందరికన్నా ముందు. తీపి మాత్ర సంగతి తెలిశాక నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, ఇంకా మిగిలాయా అని అడిగాడు. సన్యాసమ్మ అప్పా పేరిచ్చింది.

ఇరవై మందికి నేల ఉసిరి కషాయం, ఇరవై మందికి కాకరాకు నీళ్లు. రెండూ చేదే. ఎర్ర మూత కూజా ఒకటి, నీలం మూత కూజా ఒకటి. ఏ మూత కింద ఏముందో డాక్టర్ గారికే తెలుసు. చీట్లు తీసి పంచింది నేను కాబట్టి, ఎవరికి ఏ మూతో నాకే తెలుసు. తాగేవాళ్లకు ఏదీ తెలియకూడదు.

కాబట్టి అప్ప కషాయం కాయకూడదు. డాక్టర్ గారే కాయాలి. ఆవిడ జీవితంలో పొయ్యి వెలిగించిన మనిషి కాదు. ఈ సాయంత్రం వంటశాల తలుపు వేసుకుని రెండు కూజాలూ కాచారు. అప్ప తలుపు బయట నిలబడి వాసన చూస్తూ, మంట తగ్గించమని, మూత ఓరగా పెట్టమని కేకలు. లోపలి నుంచి జవాబు లేదు. కాసేపటికి మాడు వాసన వచ్చింది. అప్ప గోడకు జారగిలబడి కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లలో ఆవిడ అంత బాధపడగా నేను చూడలేదు.

ఇంతా చేసి, తన గ్లాసు వచ్చినప్పుడు ఏమీ అనకుండా తాగి, కడిగి బోర్లించి వెళ్లిపోయింది. ఆవిడది నీలం మూత.

రోజు 1,484

నలభై మందీ రోజూ తాగుతున్నారు. తప్పించుకోవాలని ముగ్గురు చూశారు. ఇద్దరిని అప్పే భుజం పట్టుకుని తీసుకొచ్చింది. ఎవరైనా చేదని మూతి ముడిస్తే పక్కనే నిలబడి తన గ్లాసు గటగటా తాగి చూపిస్తుంది. డాక్టర్ గారి వంట కాస్త మెరుగైంది. ఇప్పుడు ఒక కూజాయే మాడుతోంది.

ముఖద్వారం ఊడ్చి ఊడ్చి నా నడుం పోయింది. ఎంత ఊడ్చినా మర్నాటికి అంతే దుమ్ము. ధూళిమాత్ర లేకపోతే ఇదంతా ఎక్కడికి చేరేదో రోజూ చీపురు పట్టినప్పుడల్లా గుర్తొస్తోంది.

రోజు 1,512

నిన్నటితో అరవై రోజులు. ఈ పొద్దున అందరికీ రక్తపరీక్షలు చేసి, నా చీట్లు, డాక్టర్ గారి కాగితం ఒకచోట పెట్టి చూశాం.

ఎర్ర మూత నేల ఉసిరి. ఆ ఇరవై మందిలో పద్నాలుగు మందికి లెక్క తగ్గింది, నలుగురికి అలాగే ఉంది, ఇద్దరికి పెరిగింది. కాకరాకు తాగినవాళ్లలో ముగ్గురికే తగ్గింది. దుమ్ము రెండువైపులా ఒకేలా కరిగింది. అద్భుతమని రాయను. పనిచేసింది అని రాస్తున్నాను.

తర్వాత సన్యాసమ్మ అప్ప కాగితం తీశాను. మూడోసారి గీత దాటింది.

డాక్టర్ గారు ఆవిణ్ని పిలిపించారు. ముందు మంచి వార్త చెప్పారు. పద్నాలుగు అన్న అంకెను అప్ప రెండుసార్లు చెప్పించుకుని, దాలినాయుడు అందులో ఉన్నాడా అని అడిగింది. ఉన్నాడు. తర్వాత ఆవిడ కాగితం ముందు పెట్టి, మీకు వచ్చింది కాకరాకు నీళ్లు అని చెప్పారు డాక్టర్ గారు.

"తెలుసమ్మా. మొదటి గుక్కలోనే తెలిసిపోనాది. నలభై ఏళ్లయి వండుతున్నాను, కాకరాకు నాకు తెలవదేటి?"

డాక్టర్ గారు, తెలిసి కూడా అరవై రోజులు ఎందుకు తాగారని అడిగారు. ఒక్క మాట చెప్పి ఉంటే మార్చేవాళ్లం కదా అన్నారు.

"ఒకరికి మారిస్తే మరొకరూ అడుగుతారు. లెక్క సెడిపోద్ది. సెడిపోయిన లెక్క ఎవులు నమ్ముతారు?"

డాక్టర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచింది కళ్లజోడునే అని రాయమన్నారు. రాశాను.

ఆ తర్వాత బీరువాలోంచి కింది నుంచి వచ్చిన అనుమతి పత్రం తీసి, ఒక్కో అక్షరం వేలితో పట్టి చదివారు. ప్రయోగం పూర్తయ్యేదాకా అందులో ఉన్నవాళ్లెవరినీ ఊరు దాటించరాదని ఐదో పుటలో ఉంది. కలం తీసి రెండో విడతకు కాగితం రాశారు. మొదటి విడతలో కాకరాకు తాగిన ఇరవై మందికీ ఇప్పుడు నేల ఉసిరి ఇవ్వాలి, అంతదాకా ప్రయోగం పూర్తయినట్టు కాదు.

సాయంత్రం అప్పకు ఎర్ర మూత కూజాలోంచి గ్లాసు నింపి ఇచ్చాను. ఒక గుక్క తాగి, డాక్టర్ గారిని గుమ్మంలోకి పిలిచి, రెండు నెలలుగా పద్నాలుగు మంది ఈ మాడు తాగి కూడా బాగుపడ్డారంటే ఈ మొక్కలో నిజంగానే ఏదో ఉందని చెప్పింది.

రోజు 1,574

రెండో విడత అయిపోయింది. అప్ప లెక్క గీతకు రెండు అంకెలు కింద ఉంది. రెండే. డాక్టర్ గారు మూడుసార్లు పరీక్ష చేశారు, మూడుసార్లూ అంతే వచ్చింది. గీత దిగాక, అంతకుముందు మూడుసార్లు దాటిన లెక్క కొట్టేస్తారా అని కిందికి అడిగాం. నియమాలు పరిశీలిస్తున్నామని జవాబు వచ్చింది. ప్రస్తుతానికి ప్రయోగం ముగిసింది కాబట్టి, ఆమెను పంపాలా వద్దా అన్నది వచ్చే నెల తేలుస్తారట.

వంటశాలకు వెళ్లి ఈ వార్త అప్పకు చెప్పాను. వంకాయలు తరుగుతోంది, తరుగుతూనే ఉంది. చేతుల వేగం మాత్రం కాస్త పెరిగింది. పక్కన కూర్చుని నేనూ తరిగాను. నా ముక్కలు బాగా లేవని అన్నీ విడిగా పెట్టింది.

సాయంత్రం డాక్టర్ గారి గదికి వెళ్తే ఆవిడ మళ్లీ ఏదో రాస్తున్నారు. ఏమిటని అడిగాను. మూడో విడత ప్రయోగమన్నారు. తేలాల్సిందంతా తేలిపోయింది కదా, ఇంకేం మిగిలిందని అడిగాను.

"కషాయం నేను కాస్తే గుణం ఎక్కువా, సన్యాసమ్మగారు కాస్తే ఎక్కువా అన్నది ఇంకా తేలలేదు. శాస్త్రం ప్రకారం అది కూడా చూడాలి."

ముఖం ఎప్పటిలాగే కదలకుండా ఉంది. కాగితం నా వైపు తిప్పి సంతకం పెట్టమన్నారు. ప్రయోగంలో పాల్గొనేవారు అన్నచోట ఒకటే పేరుంది, అప్పది. వ్యవధి అన్నచోట పదేళ్లు అని రాశారు.

చూసింది దాచకూడదు గనక ఇక్కడ రాస్తున్నాను: ముందు అక్కడ ఐదు అని ఉంది. దాన్ని చక్కగా కొట్టేసి పది చేశారు.